అంతర్జాల వర్తకము – పరదేశ శాసనములు

క్రీ.శ. 1244-45 ప్రాంతమున కాకతి గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవునందు ఒక అభయశాసనమును ఱాతిస్తంభముపై చెక్కించెను. పూర్వపు రాజులు తుపాను వాతబడి తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును బలవంతముగా గైకొనుచుండిరనియు, తాను మాత్రము నియతమైన సుంకము దక్క మఱేమియు గ్రహింపననియు అందు ప్రకటించెను. చందనము, కర్పూరము, ముత్యములు మొదలగు సరకులపై సుంకము లెట్టివో ఆ శాసనముననే వివరింపబడినవి. పరదేశమునుండి వచ్చిన వర్తకుడు తాను లోబడవలసిన కట్టుబాటు లేవియో రేవునందే తెలిసికొనుటకు వీలుండెను. నేల మాఱినది, దానితోడనే శాసనమును మాఱినది యను సంగతి అతనికి వేఱుగ చెప్పనక్కఱ లేకుండెను.

నేటి అంతర్జాల వర్తకునకు అట్టి రేవు లేదు. షోలాపురమున స్థిరపడిన తెలుగు నేతకుటుంబము తువాళ్లను, దుప్పట్లను వెబ్‌సైటున ప్రదర్శించుచున్నదనుకొందము. జర్మనీలోని హాంబర్గు నగరమునుండి ఒక గృహిణి ఆర్డరు పంపినచో, ఆ కుటుంబము ఇల్లు కదలకయే మఱియొక దేశపు న్యాయపరిధిలో అడుగిడినట్లగును. అడుగిడినట్లు తెలుపు స్తంభమేదియు ఎదుట నిలువదు. సరకు సుంకశాఖవారిచే ఆపబడినపుడో, డబ్బు చెల్లింపుసంస్థ ఖాతాను స్తంభింపజేసినపుడో మాత్రమే ఆ సంగతి బయటపడును. కావున ఏ దేశపు శాసనము ఎపుడు, ఎంతవఱకు వర్తించునో ముందుగానే ఎఱుగుట చిన్న వర్తకునకు పెద్ద వర్తకునికంటె ఎక్కువ అవసరము. పెద్ద సంస్థకు న్యాయవాదులు కలరు. పొరపాటు జరిగినను దానిని భరించు శక్తి కలదు. చిన్నవానికి ఒక్క దండుగయే మూలధనమును మ్రింగివేయగలదు.

ఏ దేశపు శాసనము?

అంతర్జాలము వ్యాపించిన తొలినాళ్లలో అది ఏ ప్రభుత్వమునకును లోబడని స్వేచ్ఛాలోకమని పలువురు భావించిరి. ఆ భావమునకు పారిసు న్యాయస్థానమున గట్టిదెబ్బ తగిలెను. అమెరికా సంస్థయైన యాహూ నడపు వేలముల వెబ్‌సైటున నాజీ చిహ్నములుగల వస్తువులు అమ్ముడగుచుండెను. అమెరికాలో అది నేరము కాదు. ఫ్రాన్సులో అట్టివానిని ప్రదర్శించుటయే నిషిద్ధము. ఫ్రాన్సు పౌరసంఘములు వ్యాజ్యము తేగా, ఫ్రాన్సువాసులకు ఆ వేలములు అందకుండ చేయుమని న్యాయస్థానము 2000 మే నెలలో ఆజ్ఞాపించెను. ఆ సంవత్సరమే నవంబరు 20న ఆ ఆజ్ఞను స్థిరపఱచి, మూడు మాసములలో నెరవేర్పనిచో దినమునకు లక్ష ఫ్రాంకుల చొప్పున దండుగ విధింతునని హెచ్చరించెను. 2002 డిసెంబరు 10న ఆస్ట్రేలియాలోని అత్యున్నత న్యాయస్థానము మఱియొక అడుగు ముందునకు వేసెను. డౌ జోన్సు సంస్థ న్యూజెర్సీలోని కంప్యూటరున ఉంచిన వ్యాసమువలన విక్టోరియా రాష్ట్రవాసి యొకడు తనకు పరువునష్టము కలిగినదని వ్యాజ్యము తెచ్చెను. వ్యాసము ఎచట చదువబడినదో అచటనే హాని కలుగును గావున విక్టోరియా న్యాయస్థానము దానిని విచారింపవచ్చునని తీర్పు వచ్చెను.

ఈ తీర్పులను తుదివఱకు సాగదీసినచో చిక్కు పుట్టును. వెబ్‌సైటు సర్వదేశములందును కనబడును గావున ప్రతి వర్తకుడును సర్వదేశముల శాసనములకు ఒక్కమాఱే లోబడవలసివచ్చును. అది న్యాయమును కాదు, సాధ్యమును కాదు. అందుచే న్యాయస్థానములు క్రమముగా ఒక మధ్యమార్గమును ఏర్పఱచెను.

భారతదేశమున ఈ మార్గమును చూపిన ముఖ్యమైన తీర్పు తెలుగుదేశముతో సంబంధము గలది. సింగపూరునకు చెందిన బన్యాన్ ట్రీ సంస్థ, తన పేరును పోలిన పేరుతో హైదరాబాదున నడచుచున్న ఒక గృహనిర్మాణ పథకముపై ఢిల్లీలో వ్యాజ్యము వేసెను. ప్రతివాదుల వెబ్‌సైటు ఢిల్లీలో కనబడుచున్నది గావున ఢిల్లీ న్యాయస్థానమునకు అధికారము కలదా యను ప్రశ్న వచ్చెను. ఢిల్లీ హైకోర్టు ధర్మాసనము 2009 నవంబరులో తీర్పు చెప్పుచు, వెబ్‌సైటు కనబడుట మాత్రము చాలదనియు, ప్రతివాది బుద్ధిపూర్వకముగా ఆ ప్రాంతపువారిని ఉద్దేశించి వ్యాపారము చేసినట్లు చూపవలెననియు నిర్ణయించెను.

ఒక సంవత్సరము పిమ్మట, 2010 డిసెంబరు 7న, యూరపు సమాఖ్య న్యాయస్థానము పామర్, హోటల్ ఆల్పెన్‌హోఫ్ వ్యాజ్యములలో ఇట్టి సూత్రమునే మఱింత వివరముగా పలికెను. ఆస్ట్రియాలోని హోటలు జర్మనీ అతిథిని ఉద్దేశించి వర్తకము చేసినదా, లేదా యనుట అందు ఒక ప్రశ్న. వెబ్‌సైటు అందుబాటులో నుండుటయు, అందు ఈమెయిలు చిరునామా యుండుటయు చాలవు. వర్తకుడు తన దేశమున వాడుకలో లేని భాషను, నాణెమును వాడుట, అంతర్జాతీయ సంకేతముతో టెలిఫోను సంఖ్య నిచ్చుట, పరదేశపువారికి కనబడునట్లు వెదకుయంత్రములకు సొమ్ము చెల్లించి ప్రకటనలు వేయించుట, పరదేశపు ఖాతాదారులను గూర్చి చెప్పుకొనుట మున్నగు గుర్తులను కలిపి చూచి నిర్ణయింపవలెనని ఆ న్యాయస్థానము తెలిపెను.

ఈ సూత్రమును చిన్నమాటలో చెప్పవలెనన్న, శాసనము దుకాణమున్న చోటును గాక, దుకాణము ఎవరిని పిలుచుచున్నదో ఆ చోటును అనుసరించును. దీనినుండి వర్తకునకు ఒక హక్కును, ఒక బాధ్యతయు కలుగుచున్నవి. ఎవరిని పిలువవలెనో నిర్ణయించుకొనుట హక్కు. పిలిచిన పిమ్మట వారి దేశపు కట్టుబాట్లను పాటించుట బాధ్యత. అయితే పన్నులకు, సుంకములకు ఈ సూత్రము వర్తింపదు. పిలిచినను పిలువకున్నను, సరకు సరిహద్దు దాటినంతనే అవి వచ్చి మీదపడును.

యూరపు సమాఖ్య: ఒక ఉదాహరణము

పై షోలాపురపు కుటుంబము వెబ్‌సైటునకు జర్మన్ భాషలో ఒక పుటను చేర్చి, ధరలను యూరోలలో ముద్రించి, జర్మనీకి సరకు పంపెదమని ప్రకటించిన దనుకొందము. అది జర్మనీ వినియోగదారులను పిలిచినట్లే. అపుడు నాలుగు విధముల విధులు ఏర్పడును.

మొదటిది క్రయవిక్రయ విధి. 2014 జూన్ 13 నుండి వర్తించుచున్న వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారము వర్తకుని పేరు, చిరునామా, పన్నులతో కూడిన మొత్తము ధర, పంపుటకగు ఖర్చు కొనుటకు ముందే స్పష్టముగా తెలుపవలెను. దూరమునుండి కొన్న సరకును అందిన 14 దినములలో కారణము చెప్పకయే త్రిప్పివేయు హక్కు వినియోగదారునకు కలదు. ఈ హక్కు కలదని వర్తకుడు ముందుగా తెలుపనిచో ఆ గడువు మఱి 12 మాసములు పెరుగును. ఒక్క వాక్యము వ్రాయమఱచుటచేత సంవత్సరము దాటిన పిమ్మట వాడిన తువాలు తిరిగిరావచ్చు నన్నమాట. అయితే కొలతలిచ్చి ప్రత్యేకముగా నేయించుకొన్న లేక కుట్టించుకొన్న వస్తువులకు ఈ హక్కు లేదు.

రెండవది పన్నుల విధి. 2021 జూలై 1కి ముందు 22 యూరోలకు మించని పార్సెళ్లపై దిగుమతి వ్యాట్ లేకుండెను. ఆ దినమున ఆ మినహాయింపు రద్దయ్యెను. నేడు 150 యూరోలకు మించని పార్సెళ్లకు ఒక ఏర్పాటు కలదు. వర్తకుడు ఏదో ఒక సభ్యదేశమున నమోదు చేయించుకొని, ప్రతి వినియోగదారుని వద్ద అతని దేశపు రేటు ప్రకారము వ్యాట్ వసూలు చేసి, మాసమునకు ఒకమాఱు ఒకేచోట లెక్క చూపి చెల్లింపవచ్చును. జర్మనీలో సామాన్యపు రేటు 19 శాతము; హంగరీలో 27 శాతము. భారతదేశపు వర్తకుడు ఈ ఏర్పాటున చేరవలెనన్న సమాఖ్యలో నివాసము గల మధ్యవర్తి నొకనిని నియమించుకొనవలెను. చేరనిచో సరకు పోదని కాదు. పార్సెలు ఇంటికి వచ్చినపుడు కొనుగోలుదారు పన్నును, దానిపై రవాణాసంస్థ రుసుమును చెల్లింపవలసివచ్చును. ముందుగా చెప్పని ఖర్చు వాకిట నిలిచినపుడు పార్సెలు వెనుకకు మఱలుట సహజము.

మూడవది వస్తువునకు సంబంధించినది. 2024 డిసెంబరు 13 నుండి అమలులోనున్న సామాన్య వస్తుభద్రతా శాసనము, సమాఖ్యవాసులను ఉద్దేశించి వెబ్‌సైటున ప్రదర్శించిన వస్తువును విపణిలో ఉంచిన వస్తువుగనే భావించును. ఆ వస్తువునకు సమాఖ్యలో నివాసముగల బాధ్యుడొక డుండవలెను. అతని పేరును, చిరునామాను, తయారుచేసినవారి వివరములను అమ్మకపుపుటలోనే చూపవలెను. వస్త్రముల విషయమున నూలెంత, పట్టెంత, కృత్రిమపు పోగెంత యను వివరమును అమ్ముడగు దేశపు అధికారభాషలో తెలుపవలెను. నేతవారు తప్పక గమనింపవలసినది అద్దకము. శరీరమునకు తగులు వస్త్రములందు కొన్ని ఆజో రంగులు విచ్ఛిన్నమై హానికరములైన అమీనులను విడుదల చేయును. కిలోగ్రామునకు 30 మిల్లిగ్రాములకు మించి అట్టి అమీనులు బయటపడు వస్త్రమును అచట అమ్మరాదు. రంగు కొన్న దుకాణమునుండి పరీక్షాపత్రమును తీసికొని భద్రపఱచుకొనుట ఇందుకు తొలిమెట్టు. ఇవిగాక జర్మనీలో సరకును చుట్టిన అట్టపెట్టెకును లెక్క చెప్పవలెను. 2019 జనవరి 1 నుండి అమలులోనున్న ప్యాకింగు శాసనము ప్రకారము, గృహములకు సరకు పంపు వర్తకుడు కేంద్ర రిజిస్టరున పేరు నమోదు చేయించుకొని, ఆ పెట్టెలను తిరిగి సేకరించుటకగు ఖర్చులో తన పాలు చెల్లింపవలెను.

నాలుగవది వ్యక్తిగత వివరముల రక్షణ. ఈ విషయమై యూరపు సమాఖ్య 2016లో ఆమోదించిన శాసనము 2018 మే 25 నుండి వర్తించుచున్నది. సమాఖ్యలోనివారికి వస్తువులను గాని సేవలను గాని అందింపబూనిన వర్తకుడు ఏ ఖండమున నున్నను దానికి లోబడును. సేవ ఉచితమైనను మినహాయింపు లేదు. వారి నడవడిని కనిపెట్టుచుండుటయు అట్టిదే. వెబ్‌సైటున ఎవరేమి చూచిరో లెక్కించి ప్రకటనలు పంపు ఉపకరణములను ఆలోచింపకయే చేర్చుకొను వర్తకు లీ సంగతిని గుర్తింపరు. పేరు, చిరునామా, టెలిఫోను సంఖ్య వంటివానిని ఏ పనికై తీసికొనుచున్నారో చెప్పవలెను; ఆ పనికి మించి తీసికొనరాదు. తన వివరములను చూపుమనియో, తుడిచివేయుమనియో వినియోగదారు అడిగినపుడు సామాన్యముగా ఒక మాసములో సమాధానమీయవలెను. వివరములు పరుల పాలైనచో, వ్యక్తులకు ముప్పు కలుగునట్టిదైన యెడల, 72 గంటలలో అధికారులకు తెలుపవలెను. పరదేశపు వర్తకుడు సమాఖ్యలో ఒక ప్రతినిధిని లిఖితపూర్వకముగా నియమింపవలెను. అరుదుగా జరుగు, ముప్పులేని వ్యవహారములకు మాత్రమే ఇందు మినహాయింపు కలదు. ఈ ప్రతినిధి నియమము నామమాత్రమైనది కాదు. లొకేట్‌ఫ్యామిలీ.కామ్ అను వెబ్‌సైటు ప్రతినిధిని నియమింపలేదని నెదర్లాండ్సు అధికారసంస్థ 5,25,000 యూరోల దండుగ విధించినట్లు 2021 మే నెలలో ప్రకటించెను. ఘోరమైన అతిక్రమణములకు 2 కోట్ల యూరోలు గాని, ప్రపంచమంతటి వార్షికాదాయమున 4 శాతము గాని, ఏది యెక్కువయో అంతవఱకు దండుగ విధింపవచ్చును.

ఇతర దేశములు, స్వదేశము

బ్రిటను సమాఖ్యనుండి వైదొలగినను వ్యక్తిగత వివరముల రక్షణకు తనదైన శాసనమును నిలుపుకొన్నది. 135 పౌండ్లకు మించని పార్సెళ్లపై వ్యాట్‌ను అమ్మినచోటనే వసూలు చేయవలెనని 2021 జనవరి 1 నుండి నియమించినది. కాబట్టి జర్మనీకై చేసికొన్న ఏర్పాట్లు లండనునకు చాలవు.

అమెరికాలో చాల రాష్ట్రములకు తమ తమ అమ్మకపుపన్ను కలదు. రాష్ట్రములో దుకాణము లేని వర్తకునిచేతను ఆ పన్ను వసూలు చేయింపవచ్చునని ఆ దేశపు సుప్రీముకోర్టు 2018 జూన్ 21న సౌత్ డకోటా, వేఫేర్ వ్యాజ్యమున తీర్పు చెప్పెను. అటుపై 800 డాలర్ల వఱకు విలువగల పార్సెళ్లు సుంకము లేకయే చేరు సౌకర్యమును ఆ ప్రభుత్వము 2025 ఆగస్టు 29 నుండి సర్వదేశములకును నిలిపివేసెను. దాని ఫలితము వెంటనే కనబడెను. భారత తపాలాశాఖ ఆగస్టు 25 నుండియే అమెరికాకు పార్సెళ్లు తీసికొనుట చాలవఱకు ఆపి, సుంకమును ఇచటనే ముందుగా కట్టించుకొను పద్ధతి కుదిరిన పిమ్మట అక్టోబరు 15 నుండి మఱల ప్రారంభించెను. ఆ ఏడు వారములలో ఊరగాయల మొదలు చీరలవఱకు అమెరికాలోని బంధుమిత్రులకు, కొనుగోలుదారులకు తపాలాద్వారా పంపువా రెందఱో చిక్కుపడిరి. పదుమూడేండ్లలోపు బాలురను ఉద్దేశించిన వెబ్‌సైట్లకు మఱియొక నియమము కలదు: తల్లిదండ్రుల అనుమతి లేక వారి వివరములను సేకరింపరాదని 1998లో చేసిన శాసనము, అమెరికా బాలురను ఉద్దేశించిన పరదేశపు వెబ్‌సైట్లకును వర్తించును. అమెరికాలోని తెలుగు పిల్లలకు అంతర్జాలమున అక్షరములు, పద్యములు నేర్పువారు దీనిని గుర్తుంచుకొనవలెను.

ఇదంతయు పరదేశముల దౌర్జన్యమని తలపరాదు. భారతదేశమును ఇట్లే చేయుచున్నది. ఈ దేశపు కంప్యూటరునకు సంబంధించిన నేరమును విదేశమున చేసినను 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక శాసనము వర్తించును. 2020లో చేసిన ఈ-వాణిజ్య నియమములు, భారత వినియోగదారులకు క్రమపద్ధతిని సరకులు చూపు విదేశసంస్థలకును వర్తించును. 2023 నాటి వ్యక్తిగత వివరముల రక్షణ శాసనమును, ఇచటివారికి వస్తువులను, సేవలను అందింపబూనిన విదేశసంస్థలను తన పరిధిలో చేర్చుకొన్నది. తన పౌరుని తన శాసనముచే కాపాడుకొనుట ప్రతి రాజ్యమునకు ధర్మము. చిక్కు ధర్మమునందు లేదు. ధర్మములు పెక్కు లగుటయందున్నది.

పరదేశపు ఆజ్ఞ ఇచట చెల్లునా?

పరదేశపు అధికారి విధించిన దండుగను షోలాపురమున ఎవరు వసూలు చేయుదురు, దానిని లెక్కచేయనేల, యని కొంద ఱడుగుదురు. ప్రశ్నలో కొంత సత్యము లేకపోలేదు. సివిలు ప్రొసీజరు కోడు 44-ఏ సెక్షను ప్రకారము, ప్రభుత్వము గుర్తించిన దేశముల పై కోర్టుల డిక్రీలను మాత్రమే ఇచటి జిల్లా న్యాయస్థానము నేరుగా అమలుపఱచును. బ్రిటను, సింగపూరు అందు కలవు, జర్మనీ లేదు. పన్నులు, దండుగలు ఆ సెక్షను క్రిందికి రానేరావు. ఇతర దేశముల తీర్పును ఆధారము చేసికొని ఇచట కొత్తగా వ్యాజ్యము వేయవలెను. అపుడు 13వ సెక్షనులోని పరీక్షలకు ఆ తీర్పు నిలువవలెను.

అయినను ఈ వాదమును నమ్ముకొనుట ప్రమాదము. యాహూ విషయమే ఇందుకు నిదర్శనము. ఫ్రాన్సు ఆజ్ఞ అమెరికాలో చెల్లదని 2001 నవంబరులో ఒక అమెరికా న్యాయస్థానము పలికెను; 2006లో పై న్యాయస్థానము ఆ వ్యాజ్యమునే కొట్టివేసెను. కాని ఆ సంస్థ 2001 జనవరిలోనే అట్టి వస్తువుల వేలమును నిషేధించి యుండెను. బేలిఫు రాకున్నను, వ్యాపారమునకు అవసరమైన ఇతర ద్వారములు మూసికొనిపోవచ్చును. నేటి చిన్న వర్తకునకు ఆ ద్వారములు మూడు. సరకును ఆపువారు సుంకశాఖవారు. సొమ్మును ఆపునది కార్డు చెల్లింపులు నడపు సంస్థ. దుకాణమునే మూయునది అతడు చేరిన అమ్మకపు ప్లాట్‌ఫారము. ఈ ముగ్గురికిని న్యాయస్థానపు తీర్పుతో పని లేదు; తమ నియమము తప్పెనన్న చాలును. అప్పీలు చేసికొనుటకైనను వర్తకునకు తగిన తావు దొరకదు.

చిన్న వర్తకుల కర్తవ్యము

పై విషయములను బట్టి మొదట చేయవలసినది కొన్ని దేశములనే ఎన్నుకొనుట. లోకమంతటికి పంపెదమను ప్రకటన వినుటకు ఘనముగా నున్నను, దాని అర్థము లోకమందలి శాసనములన్నిటిని తలకెత్తుకొందుమని. రెండుమూడు దేశముల పేర్లు వ్రాసి, తక్కిన చిరునామాలను ఆర్డరు పుటయందే అంగీకరింపకుండుట మేలు. రెండవది, ఆ దేశములలో పన్నుతో కూడిన ధర, త్రిప్పివేయు హక్కు, వివరముల వినియోగము అను మూడింటిని సులభమైన భాషలో ముందుగా వ్రాయుట. మూడవది, అవసరము లేని వివరములను అడుగకుండుట. లేనిదానిని కాపాడు పని యుండదు. నాలుగవది, రంగుల పరీక్షాపత్రములు, ఆర్డర్లు, పన్ను రసీదులు క్రమముగా భద్రపఱచుట. స్వదేశమున ఎగుమతిదారు సంఖ్యను పొందుట, జీఎస్టీ క్రింద ఎగుమతులకు గల సున్నరేటును వినియోగించుకొనుట, వచ్చిన సొమ్మును గడువులోపల బ్యాంకు ద్వారా తెప్పించుకొనుట ఎట్లును తప్పనివి.

ఇవన్నియు ఒక్కొక్క కుటుంబము విడివిడిగా చేయబూనినచో ఖర్చు లాభమును మించును. అందువలన పలువురు తమ పేరు వదలుకొని పెద్ద ప్లాట్‌ఫారములకే సరకు అప్పగించుచున్నారు. పన్ను లెక్కల భారమును చాలవఱకు అవి వహించుట నిజమే. కాని కమిషనును, కొనుగోలుదారుతోడి పరిచయమును, తుదకు ధరను నిర్ణయించు అధికారమును వాని చేతికే పోవుచున్నవి. ఒకనాడు షావుకారు చేతిలో నుండిన నేతవాడు మఱల ఒక షావుకారు చేతిలో పడుటకు ఇది దారి తీయకూడదు.

దీనికి మార్గము లేకపోలేదు. యూరపు సమాఖ్యలో పన్ను మధ్యవర్తి యొకడే పలువురు వర్తకులకు పని చేయవచ్చును. వస్తుభద్రతకు బాధ్యుడును, వివరముల రక్షణకు ప్రతినిధియు అట్లే. కావున ఇరువది, ముప్పది కుటుంబములు సహకారసంఘముగా నేర్పడి ఈ మువ్వురిని ఉమ్మడిగా నియమించుకొన్నచో ఒక్కొక్కరి పాలు స్వల్పమగును. రంగుల పరీక్షను ఉమ్మడిగా చేయింపవచ్చును. జర్మన్ భాషలోని నియమావళిని ఒకమాఱు వ్రాయించి అందఱును వాడుకొనవచ్చును. షోలాపురము, బరంపురము వంటి పట్టణములలో తరతరములుగా నేతవృత్తి తెలుగువారిని కూడగట్టినది. సత్రములను, పాఠశాలలను, బ్యాంకులను ఉమ్మడిగా నడుపుకొను అలవాటు ప్రవాస సమాజములకు క్రొత్త కాదు. ఆ ఉమ్మడి పనులలో నిది యొకటి కావలెను. మోటుపల్లిలో శాసనమును చెక్కించి వర్తకునకు దారి చూపిన బాధ్యత రాజు వహించెను. నేడు పరదేశపు స్తంభములు చదివి తమవారికి తెలుపు బాధ్యత సంఘములదే.